ఉప్పుగాలిలో ఉక్కుమోకులు

సముద్రతీరమున కాపురముండు ఇల్లాండ్రకు త్రుప్పనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. బందరులోగాని, కాకినాడలోగాని, భీమునిపట్టణములోగాని క్రొత్తగా పెట్టించిన కిటికీ ఊచలు నాలుగు వర్షకాలములు చూచునప్పటికి పొరలు పొరలుగా రాలజొచ్చును. మేకు దిగినచోట సున్నపుగోడమీద ఎఱ్ఱని చాఱ జాఱును. బావిగిలక కీచుమని మొఱపెట్టును. కఱ్ఱకు చెద యెట్టిదో ఇనుమునకు త్రుప్పట్టిది. భూమినుండి త్రవ్వి, నిప్పులో కరగించి, మనుష్యుడు బలవంతముగా వేఱుచేసికొన్న ఇనుము, గాలిని నీటిని కూడి మరల మన్నుగా మాఱిపోవుటయే త్రుప్పు. ఉప్పుగాలి తగిలినచో ఆ తిరుగుప్రయాణము మఱింత వేగమగును.

అట్టియెడ, చిటికెనవ్రేలికన్న సన్ననైన ఉక్కుతీగలను వేలకొలది చేర్చి, ఉప్పునీటి పాయమీద వ్రేలాడదీసి, వానిచేత ఒక రాజమార్గమును మోయించి, అది తరములకొలది నిలుచునని నమ్మి జనులను నడువుమన్నవారి ధైర్య మెట్టిదై యుండవలెను! న్యూయార్కు నగరమున 1883వ సంవత్సరము మే నెల 24వ తేదీన తెఱవబడిన బ్రూక్లిను వంతెన అట్టిది. నూటనలువది యేండ్లు దాటినను అది నేటికిని బరువు మోయుచునే యున్నది. ఆ తీగలను కాచినది కంటికి సరిగా ఆనని యొక లోహపు పూత. ఆ పూత యెట్టిదో, ఆ తీగలనుగూర్చి నేర్చుకొని పని నడిపించిన యొక స్త్రీ యెట్టిదో సోదరీమణులకు తెలుపుటకే ఈ నాలుగు మాటలు.

మా అమ్మాయి కాపురము న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసను పట్టణము. అచ్చట తెలుగువారి యిండ్లు తఱచు. మేము ఉదయముననే భోజనములు ముగించుకొని బయలుదేఱి, నెవార్కు నగరమున బండి మాఱితిమి. ఆ బండి హడ్సను నది అడుగున త్రవ్విన సొరంగములో దూఱి మమ్ము మన్‌హట్టను దీవికి చేర్చినది. అచ్చటనుండి కొంచెము దూరము నడిచినచో నగరసభా భవనము, దాని యెదుట చిన్న తోట. ఆ తోట ప్రక్కనుండియే వంతెనమీది నడకదారి మొదలగుచున్నది. దారి మెల్లమెల్లగా మీదికెక్కును గాని ఆయాసము తెలియదు.

ఈ వంతెనలో నాకు మిక్కిలి నచ్చిన యేర్పాటొకటి కలదు. కాలినడకవారి దారి నడుమ నుండి, బండ్ల దారులకు పైగా ఎత్తున నున్నది. రెండు ప్రక్కలను క్రిందుగా మోటారుబండ్లు పోవుచుండును. వాని ధూళియు త్రోపిడియు మనకు లేవు. కాలిక్రింద చెక్కపలకలు. పూర్వము సైకిళ్ళును ఈ దారినే పోవుచుండెడివి. 2021వ సంవత్సరమున వానికి క్రింద వేఱుదారి యేర్పఱచినందున, పిల్లల చేయి పట్టుకొని నడుచు తల్లులకు ఇప్పుడు భయము తగ్గినది. ఈ కొననుండి ఆ కొనకు మైలు దాటిన నడక. ముసలివారు సైతము ఆగుచు, చూచుచు, సుఖముగా పోవచ్చును.

నడువగా నడువగా మొదటి గోపురము ఎదురగును. నీటిమట్టమునకు సుమారు 276 అడుగుల ఎత్తు, అంతయు రాతికట్టడము. దానిలో మొనదేఱిన తోరణములు రెండు. ఆ తోరణముల క్రిందుగా మన దారి సాగిపోవును. అవ్వలియొడ్డు ప్రక్కను ఇట్టిదే మఱియొకటి. ఈ రెండు గోపురముల నడుమ దూరము 1,595 అడుగులు. కట్టిననాడు భూమిమీద ఇంత పొడవైన వ్రేలాడు వంతెన మఱియొకటి లేదు. గోపురముల శిరస్సులమీదుగా నాలుగు ఉక్కుమోకులు ఒక యొడ్డునుండి రెండవ యొడ్డునకు ఉయ్యెల గొలుసులవలె వంగి దిగి మరల పైకెక్కుచున్నవి. వానినుండి నిలువుగా దిగిన సన్నని త్రాళ్ళు దారిని పట్టుకొని యున్నవి. ఇవిగాక గోపురముల తలలనుండి ఏటవాలుగా దిగిన త్రాళ్ళు మఱికొన్ని. నిలువు త్రాళ్ళును ఏటవాలు త్రాళ్ళును ఒకదానినొకటి దాటుటచేత నలుదెసల సాలెగూడువంటి అల్లిక యేర్పడినది. ఆకాశమంతయు ఆ గళ్ళలోనుండియే కనబడును.

క్రింద పాఱునది ఈస్టు నది. పేరునకు నదియే గాని అది నిజమునకు నది కాదు, సముద్రపు పాయ. ఆటుపోటులతో నీరు ఒకప్పు డిటు, ఒకప్పు డటు పాఱును. గాలిలో ఉప్పు. అందుచేతనే ఈ వంతెనను కట్టినవారికి త్రుప్పు బెంగ మొదటినుండియు కలదు.

ఒక్కొక్క మోకు అడ్డముకొలత పదునైదుముప్పాతిక అంగుళములు. చూపునకు నున్నని దూలమువలె కనబడును గాని, అది ఒక్క ముద్ద కాదు. లోపల 19 పాయలు. మన జడపాయలవలె అవి మెలివేసి అల్లినవి కావు. ప్రక్కప్రక్కగా, తిన్నగా పఱచి కట్టినవి. ఒక్కొక్క పాయలో వందలకొలది తీగలు. మొత్తము మీద ఒక్కొక్క మోకులో అయిదువేలకు మించిన తీగలు కలవు. నాలుగింటిలోని తీగను విప్పి ఒకటే వరుసగా పఱచినచో 14,000 మైళ్ళు దాటునట. ఒక చక్రమునకు తీగను తగిలించి, ఒడ్డునుండి ఒడ్డునకు ఏటిమీదుగా మరల మరల నడిపి, ఈ మోకులను ఏటిమీదనే వడికిరి. వ్రేలాడు వంతెన మోకులకు ఇనుపతీగ మాని ఉక్కుతీగ వాడుట ఇదియే మొదలు. ఒక్కొక్క తీగ 3,400 పౌనుల బరువునకు తెగక నిలువవలెనని నియమము పెట్టుకొనిరి. దానితోపాటు మఱియొక నియమము కూడ పెట్టుకొనిరి. ప్రతి తీగకును తుత్తునాగపు పూత యుండవలెను.

తుత్తునాగము మనకు క్రొత్త వస్తువు కాదు. ఇప్పుడు బజారులో దానిని జింకందురు, వైద్యులు యశదమందురు. మన ఇత్తడి బిందెలో రాగితో కలిసి యున్నది అదియే. రాజస్థానమున ఉదయపురమునకు దక్షిణముగా జావరు అను చోట, ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే దానిని పెద్దయెత్తున తీయుచుండెడివారు. ఆ పని సులభమైనది కాదు. ఖనిజమును కాల్చినప్పుడు ఈ లోహము ద్రవమై దిగక ఆవిరియై ఎగిరిపోవును. జావరు పనివారు వంకాయను పోలిన మట్టిమూసలలో ఖనిజమును నింపి, బోర్లించి, పైన మంటపెట్టి, ఆవిరిని క్రిందికి దింపి చల్లార్చి లోహమును పట్టుకొనిరి. వాడి పాఱవైచిన మూసల గుట్టలు నేటికిని అచ్చట కలవు. వానిని పేర్చి కట్టుకొన్న యింటిగోడలు కూడ కలవు. ఐరోపాలో ఈ లోహమును తీయు విధానమునకు ఇంగ్లాండులో విలియం చాంపియను హక్కుపత్రము పొందినది 1738లోగాని కాదు.

ఇనుమును కరగిన తుత్తునాగములో ముంచినచో త్రుప్పు పట్టదని ఫ్రాన్సుదేశపు మలూయిను అను రసాయనశాస్త్రజ్ఞుడు 1742లో అచ్చటి విద్వత్సభకు విన్నవించెను. అదే దేశమున సొరెలు అను నాతడు 1837లో ఈ పనికి హక్కుపత్రము పొందెను. ఆతడే దీనికి గాల్వనైజింగు అని పేరు పెట్టెను. చచ్చిన కప్పకాలు రెండు లోహములు తాకినంతనే అదరుటను చూచి లోకమునకు తెలిపిన ఇటలీదేశపు గాల్వానీ పండితుని పేరది. ముంచుటలో విద్యుచ్ఛక్తి పనియేమియు లేదు. కాని ముంచిన పిదప ఆ పూత చేయు రక్షణ మాత్రము రెండు లోహముల నడుమ నడచు విద్యుత్తువలననే కలుగును. కనుక పేరు తగినదే.

ముంచు విధము మన యిండ్లముందు కళాయివాడు చేయు పనికి దగ్గఱచుట్టము. వాడు మొదట పాత్రను ఇసుకతో తోమి, కాచి, నవాసాగరము చల్లి, తగరము పూసి, గుడ్డతో త్రిప్పును. కార్ఖానాలోను అంతే. మొదట ఉక్కుమీది జిడ్డును క్షారజలముతో కడుగుదురు. పిమ్మట ఆమ్లపు తొట్టిలో ముంచి ఉన్న త్రుప్పునంతయు తీసివేయుదురు. తరువాత నవాసాగరమును తుత్తునాగపు లవణమును కలిపిన నీటిలో తడుపుదురు. చివరకు సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో వెండినీటివలె మెఱయు తుత్తునాగపు కొలనులో ముంచుదురు. ఒక్క మరక మిగిలినను అచ్చట పూత అంటదు. కాబట్టి ఈ పనిలో ముప్పాతిక భాగము శుభ్రము చేయుటయే. పెద్ద దూలములైనచో కొన్ని నిమిషములు ముంచి యుంచి తీయుదురు. తీగయైనచో ఎడతెగక కొలనులోనుండి లాగుచుందురు.

ఇది గోడకు సున్నము కొట్టినట్లు పైపైని అంటుకొను పూత కాదు. ఆ వేడిలో ఉక్కును తుత్తునాగమును ఒకదానిలో నొకటి కలిసి, నడుమ మిశ్రలోహపు పొరలు కొన్ని యేర్పడును. ఆ పొరలలో కొన్ని ఉక్కుకన్నను గట్టివి. పైన శుద్ధమైన తుత్తునాగము. ఇంతయు చేరి యెంత మందము? ఆఱు మిల్లీమీటర్లు దాటిన దళసరి ఉక్కునకు నేటి ప్రమాణము చొప్పున సగటున 85 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వేయవవంతులు ఎనుబదియైదు. మన తలవెండ్రుక మందమునకు ఇంచుమించు అంతే.

ఇంత పలుచని పొర యెట్లు కాచును? మొదటిది, అడ్డుగోడయై గాలిని నీటిని లోపలికి పోనీయదు. రెండవది ఆశ్చర్యకరము. రెండు లోహములు ఒకదానినొకటి తాకి తడిలో నున్నప్పుడు, వానిలో చుఱుకైనది తాను ముందుగా కరగి రెండవదానిని కరగనీయదు. తుత్తునాగము ఇనుముకన్న చుఱుకైనది. కనుక పూతమీద చిన్న గీటు పడి ఉక్కు బయటపడినను, చుట్టునున్న తుత్తునాగము తానే అరిగి ఆ గీటును కాచును. తగరమట్లు కాదు, అది ఇనుముకన్న మందమైనది. తగరపుపూతగల ఇనుపడబ్బాకు గీటు పడెనా, ఇనుమే ముందుగా చెడును. డబ్బా గీటుపడిన చోటనే చిల్లియగుట మనము చూచుచున్నదే గదా! తుత్తునాగమైనను కొంతమేరకే కాచును. అఱచేయి వెడల్పున పూత లేచిపోయినచో అది యేమియు చేయలేదు.

ఈ మాటకు గొప్ప సాక్ష్యము వంతెన నడుమ నిలిచియే చూడవచ్చును. నైఋతి దిక్కున దూరముగా నీటినడుమ పచ్చని బొమ్మయొకటి చేయెత్తి నిలిచియుండును. అది స్వాతంత్ర్యదేవి విగ్రహము; 1886వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన ప్రతిష్ఠితమైనది. పైచర్మము రాగి, లోపలి అస్థిపంజరము ఇనుము. రాగి ఇనుముకన్న మందమైనది. కావున అవి రెండును తడిలో తాకినచో చెడునది ఇనుమే. కట్టినవారికి ఇది తెలియును. తెలిసియే నడుమ లక్కపూసిన రాతినారను పెట్టిరి. కాని కాలక్రమమున ఆ అడ్డు చెడిపోయెను. ఉప్పునీటి తేమ చేరెను. ఇనుపకడ్డీలు త్రుప్పుపట్టి ఉబ్బి, రాగిరేకులను పట్టియుంచిన బిగింపులను ఊడబెఱికెను. 1984 మొదలు 1986 వఱకు జరిగిన మరమ్మతులలో ఆ కడ్డీలను తీసి త్రుప్పుపట్టని ఉక్కుకడ్డీలను పెట్టవలసివచ్చెను. ఒక్క రేవులోనే, ఒకే ఉప్పుగాలిలో, రాగి చెంతనున్న ఇనుము చెడినది. తుత్తునాగము చెంతనున్న ఉక్కు నిలిచినది. సాంగత్యమహిమ లోహములకును కలదన్నమాట!

ఇక ఈ వంతెనను కట్టినవారి కథ. దీనిని తలపెట్టినవాడు జాన్ రోబ్లింగు. ఇనుపతీగ మోకులతో వంతెనలు కట్టుటలో పేరుపడినవాడు. 1869లో స్థలము కొలుచుచుండగా పడవ తగిలి కాలు నలిగి, ధనుర్వాతముచేత మరణించెను. పని కుమారుడైన వాషింగ్టను రోబ్లింగు మీద పడెను. ఏటి అడుగున గోపురములకు పునాదులు త్రవ్వుటకు, బోర్లించిన పెట్టెవంటి గదులను నీటిలో దింపి, వానిలోనికి ఒత్తిడిగాలి పంపి, ఆ గాలిలో మనుష్యులచేత పనిచేయించిరి. అట్టి ఒత్తిడినుండి త్వరగా పైకి వచ్చినవారికి నెత్తురులో గాలిబుడగలు లేచి, కీళ్ళు పట్టి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. ఆ జబ్బు 1872లో వాషింగ్టనుకే తగిలెను. అప్పటినుండి ఆయన పనిచోటికి పోలేక మంచముపట్టెను. కొన్నియేండ్లు బ్రూక్లినులోని తమ యింటి కిటికీనుండి దుర్భిణితో పనిని చూచుచుండెడివాడు.

అప్పుడు ముందుకు వచ్చినది ఆయన భార్య ఎమిలీ. ఆమె 1843లో జన్మించెను. పని మీదపడునప్పటికి ముప్పదియేండ్లైన నిండలేదు. ఒక కుమారునికి తల్లి. మొదట భర్త చెప్పినది వ్రాసికొని పోయి పనివారికి వినిపించెడిది. అంతటితో ఆగక గణితము, వస్తువుల బలమును కొలుచు శాస్త్రము, వ్రేలాడు మోకు వంపు లెక్కలు, మోకును వడుకు విధము భర్తయొద్ద నేర్చికొనెను. దినదినము పనిచోటికి పోయి సహాయ ఇంజనీర్లతోను, గుత్తదార్లతోను, ధర్మకర్తలతోను మాటలాడి, వారి ప్రశ్నలకు సమాధానములు చెప్పెడిది. వంతెనకు రూపకల్పన చేసినది ఈమెయే కాబోలునని కొందఱు తలచుచుండిరట. ఇట్లు పదునొకండు సంవత్సరములు.

ఆ సంవత్సరములలో మిక్కిలి గడ్డుది 1878. మోకులకు కావలసిన తీగను సరఫరా చేయు గుత్త జె. లాయిడ్ హెయిగు అను నాతనికి దక్కియుండెను. ఆతని కార్ఖానాలో వంతెనవారి పరీక్షకులు ప్రతి చుట్టను లాగి చూచి, బాగున్న దానికి చీటి వ్రాసి యిచ్చెడివారు. చీటితో బయలుదేఱిన బండి తిన్నగా వంతెనకు రాక, త్రోవలో మఱియొక కొట్టము చెంత ఆగెడిది. అచ్చట మంచితీగను దింపి, పరీక్షలో త్రోసివేసిన చెడుతీగను ఎక్కించెడివారు. ఆ మంచితీగయే మరల కార్ఖానాకు పోయి మఱునాడు మరల పరీక్షకు నిలిచెడిది! బియ్యపుకొట్టులో వాసికి చూపు పిడికెడు ఒకటి, బస్తాలోనిది మఱియొకటి అయినట్లే. ఆ సంవత్సరము జూలైలో బండ్లను వెంబడించి ఈ మోసమును పట్టుకొనిరి. కాని అప్పటికే రెండువందల టన్నులకు మించిన చెడుతీగ మోకులలో చేరిపోయినదని అంచనా. పైకి మంచితీగకును చెడుతీగకును రంగులో భేదము లేదు; రెండును వెండివలెనే మెఱయును. వడికిన మోకును విప్పుటయు సాధ్యము కాదు.

ఏమి చేయవలెను? ఇచ్చట వాషింగ్టను ముందుచూపు అక్కఱకు వచ్చెను. కావలసిన బలమునకు ఆఱురెట్లుండునట్లు ఆయన మోకులను లెక్కవేసి యుండెను. చెడుతీగ చేరినను అయిదురెట్లైనను మిగులునని తేల్చిరి. అదియుగాక ఒక్కొక్క మోకునకు 150 తీగలు అధికముగా హెయిగు సొంత ఖర్చుమీదనే వేయించిరి. ఆ చెడుతీగ నేటికిని మోకులలోనే యున్నది. మనము నడుచునప్పుడు మనలను మోయుచున్న తీగలలో అదియు కొంత కలదు. మోసము లోపల నుండగా, దాని చుట్టు నిజాయితీ మఱికాస్త చేర్చి పని నిలిపిరి. గోపురము క్రింద నిలిచి ఆ మోకులను చూచినప్పుడు నాకు ఈ సంగతియే మాటిమాటికి తోచినది. పూత లోహమును త్రుప్పునుండి కాచునుగాని, తీగలోని కల్తీని కప్పిపుచ్చిన చేతినుండి కాపాడలేదు. దానికి మనుష్యులే మెలకువగా నుండవలెను.

వంతెన తెఱచుటకు కొంచెము ముందుగా ఎమిలీ బండిలో దానిని దాటెను. ఒడిలో జయచిహ్నముగా ఒక కోడిపుంజును ఉంచుకొనెనట. తెఱచిన దినమున లక్షన్నర జనము కాలినడకను దాటిరి. ఆనాటి సభలో మాటలాడిన ఏబ్రము హ్యూయిటు ఈ పనిలో ఎమిలీకిగల భాగమును పేరెత్తి పొగడెను. ఆ కాలమున ఒక స్త్రీకి అట్టి గౌరవము అరుదు.

ఇంత చెప్పిన పిదప ఒక కఠినసత్యమును దాచరాదు. ఏ పూతయు శాశ్వతము కాదు. తుత్తునాగము అరుగుచునే కాచును. అరిగినంత కాలమే కాచును. 1981వ సంవత్సరము జూన్ నెలలో ఈ వంతెనమీద ఏటవాలు త్రాళ్ళలో రెండు త్రుప్పుతిని తెగిపడెను. దారిన పోవుచున్న ఒక బాటసారికి దెబ్బతగిలి, ఆ దెబ్బతోనే ఆతడు మరణించెను. వంతెనను కట్టినవారు దానికి ఆయువు పోసిరి, చూచుకొనవలసినవారు ఏమఱిరి. అటుతరువాత పాతత్రాళ్ళను మార్చి క్రొత్తవి వేసిరి. నాలుగు పెద్దమోకులు మాత్రము ఆనాటివే. ఇప్పుడు వానిని తఱచుగా పరీక్షించుచు, రంగు వేయుచు కాపాడుచున్నారు.

ఇంటిలోను ఈ పూత మనకు నిత్యము కనబడునదే. నీళ్ళు తోడు బూడిదరంగు బొక్కెన, వసారామీది మడతల రేకులు, బట్టలారవేయు తీగ, కంచెకు కట్టిన ముళ్ళతీగ, ఇవన్నియు ముంచిన సరకులే. వీనిని గూర్చి గృహిణులు కొన్ని సంగతులు గుర్తుంచుకొనుట మంచిది. క్రొత్త బొక్కెన మెఱుపు కొన్నాళ్ళకు తగ్గి పైన తెల్లని మసకపొర యేర్పడును. అది మురికి కాదు. గాలియు తేమయు కలిసి తుత్తునాగముమీద కట్టిన కవచము. ఇత్తడిబిందెను తోమినట్లు దానిని చింతపండుతో తోమరాదు. పులుపు తుత్తునాగమును తినివేయును. ఆ కారణముచేతనే చారు, మజ్జిగ, నిమ్మరసము, ఊరగాయలు అట్టి పాత్రలలో నిలువయుంచరాదు; కరగిన లోహము కడుపులో చేరి వాంతులు పుట్టించును. వట్టిపాత్రను మంటమీద పెట్టరాదు. తుత్తునాగపు పొగ మంచిది కాదు. క్రొత్తరేకులను తడితో ఒకదానిమీద ఒకటి పేర్చియుంచినచో నడుమ తెల్లత్రుప్పు పట్టును. గాలి ఆడునట్లు ఏటవాలుగా నిలుపవలెను. ఎఱ్ఱని చుక్క కనబడిన దినమున పూత ముగిసినదని తెలిసికొని రంగైనను వేయవలెను, వస్తువునైనను మార్చవలెను.

వంతెన గోపురముమీద 1951లో బ్రూక్లిను ఇంజనీర్ల సంఘమువారు పెట్టించిన శాసనఫలకము కలదు. ఎమిలీ విశ్వాసమును, ధైర్యమును అందులో స్మరించి, ప్రతి గొప్ప కార్యము వెనుకను ఒక స్త్రీ యొక్క ఆత్మత్యాగము కానవచ్చునని వ్రాసిరి. ఆ మాట చదివినప్పుడు ఎవరికైనను తుత్తునాగము జ్ఞప్తికి రాక మానదు. తాను అరిగి పరుని కాచుట! మన దేశమునను స్త్రీని ఇట్లే పొగడుట వాడుక. ఆ పొగడ్తలో ఆదరము లేకపోలేదు. కాని ఎమిలీ కథకు అది చాలదని నా యభిప్రాయము.

తుత్తునాగమునకు తాను చేయునది తెలియదు. ఎమిలీకి తెలియును. ఆమె మోకు వంపును లెక్కకట్టుట నేర్చుకొనెను. ఉక్కు యెంత బరువు మోయునో తెలిసికొనెను. మోసపు తీగ బయటపడిన గడ్డుదినములలో గుత్తదార్లతోను ధర్మకర్తలతోను మాటలాడి పనిని నిలిపెను. వంతెన ముగిసిన తరువాత అరిగిపోయి మూలను కూర్చుండలేదు. 1899లో, యేబదియాఱవయేట, న్యూయార్కు విశ్వవిద్యాలయమువారి స్త్రీల న్యాయశాస్త్రపు తరగతిలో చదివి పట్టము పుచ్చుకొనెను. ఆమె అప్పుడు వ్రాసిన వ్యాసము, చట్టమువలన భార్యకు కలుగు అశక్తతలను గూర్చినది. త్యాగమును మెచ్చుకొన్నవారు ఆ వ్యాసమును కూడ తలచియున్నచో బాగుండెడిది.

వంతెన దిగి బ్రూక్లిను ఒడ్డున ఏటిప్రక్కకు పోయినచో, సరిగా వంతెన క్రిందనే, 2021లో తెఱచిన విశాలమైన ఆవరణ కలదు. దానికి ఎమిలీ వారెన్ రోబ్లింగు పేరు పెట్టిరి. అచ్చట పిల్లలు పరుగులిడుచుందురు. తల్లులు బల్లలమీద కూర్చుండి నెత్తిమీది వంతెనను చూచుచుందురు. లోహములలో తుత్తునాగము అరిగి రక్షించుగాక. అది దాని ధర్మము. మన ఆడుబిడ్డలు మాత్రము అరుగుటచేత గాక, ఎఱుగుటచేత రక్షింతురుగాక!